నడుస్తున్నదాన్ని కెలకొద్దంటారు, ఈ ఒక్కదాన్ని కెలకమంటాను

మా భాయినా రిపేరు కొట్లో చేరిన ప్రతీవాడికీ మొదటిరోజు ఒకటే పాఠం. సోల్డరింగ్ ఐరన్ ఎలా పట్టుకోవాలో కాదు, అది మూడోరోజో నాలుగోరోజో. మొదటి పాఠం ఏంటంటే, "నడుస్తున్న సెట్టుని కెలక్కురా నాన్నా." బొమ్మ కొంచెం పచ్చగా ఉందని తెచ్చిన టీవీని డెడ్ సెట్టు చేసి కూర్చున్న కుర్రాళ్ళని ఆయన ఎంతమందిని చూశాడో, అందుకే ఆ మాట. నేనూ పాతికేళ్ళు ఆ మాట మీదే బతికాను. ఇన్వర్టర్లు, స్టెబిలైజర్లు, యూపీఎస్‌లు, ఏది చేతికొచ్చినా అడిగిన పని చేసి మూత బిగించేసేవాడిని, ఎప్పుడూ నష్టపోలేదు. కానీ ఒక్క వస్తువు దగ్గర, పాత వీడియో ప్రొజెక్టర్లో ఉండే హైవోల్టేజీ బ్లాకు దగ్గర మాత్రం ఆ మాట తప్పు అని ఇప్పుడు గట్టిగా అంటున్నాను, ఆయన మొహం మీదే అన్నాను కూడా, ఆయన ఒప్పుకోలేదు, అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను.

మాది బరంపురం. ఒడిశా బరంపురం, పట్టుచీరల బరంపురం, అప్పడాల బరంపురం, మీకు ఏది గుర్తొస్తే అది. 1936లో ఒడిశా వేరే ప్రావిన్సు అయ్యేదాకా మా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది, సరిహద్దు గీత పక్కకి జరిగింది గానీ మేం ఉన్నచోటే ఉండిపోయాం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజార్లో రెండూ కలిపి కొట్టడమే. భాయినా అంటే మా వైపు ఒడియాలో అన్నయ్య అని. ఈయన ఒడియా మనిషే, నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద, తెలుగు మాత్రం నాకంటే స్పీడుగా మాట్లాడతాడు, తిట్లయితే పూర్తిగా తెలుగులోనే.

ఇప్పుడు ఆ వస్తువు సంగతి. తొంభైల చివర్లో విశాఖపట్నంలో ఒక హోటలు వాళ్ళు కాన్ఫరెన్స్ హాల్లో సామానంతా మార్చేస్తూ పాత వీడియో ప్రొజెక్టర్లు రెండు అమ్మేశారు. ఒకటి మా చిన్న మావయ్య కొన్నాడు, ఒకటి భాయినా కొన్నాడు. మావయ్య గొళంత్రా వైపు ఒక రేకుల షెడ్డులో వీడియో హాలు నడిపేవాడు, ఒకరోజు తెలుగు బొమ్మ, ఒకరోజు ఒడియా బొమ్మ, జనం మాత్రం రెండురోజులూ వాళ్ళే. తర్వాత కేబుల్ వచ్చింది, సీడీలొచ్చాయి, హాలు మూసేశాడు, ప్రొజెక్టర్ మా మేడ మీద గదిలోకి చేరింది. 60 కేజీల పెట్టె అది, నలుగురం మెట్ల మీద ఎక్కించేసరికి మా బావకి నడుం పట్టేసి వారం రోజులు మంచం దిగలేదు, ఇప్పటికీ ఆ ప్రొజెక్టర్ పేరెత్తితే చెయ్యి నడుం మీదకే పోతుంది.

ఇప్పటి పిల్లలకి ప్రొజెక్టర్ అంటే చిన్న డబ్బా, ముందు ఒక్క కన్ను. దీనికి మూడు కళ్ళు. ఎరుపుకొకటి, పచ్చకొకటి, నీలానికొకటి, మూడు విడివిడి పిక్చర్ ట్యూబులు, ఒక్కోటీ 7 అంగుళాలు, ఒక్కోదాని ముందు పావులీటరు గ్లాసంత లెన్సు. మూడు బొమ్మలూ గోడ మీద ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటేనే రంగు బొమ్మ, లేకపోతే హీరోకి మూడు మీసాలు. ట్యూబు అంత చిన్నది, గోడ అంత పెద్దది, మరి అంత వెలుగు రావాలంటే ఎలక్ట్రాన్లని గట్టిగా తోయాలి కదా, అందుకే ఇంట్లో కలర్ టీవీ ట్యూబుకి 25 వేల వోల్టులు సరిపోతే వీటికి 30 వేల పైచిలుకు కావాలి. నా దానికి 32 వేలు. ఆ 32 వేలూ ఒక్కచోట తయారై మూడు ట్యూబులకీ పంచబడాలి, ఆ పంచే పని చేసేది సబ్బు పెట్టెంత నల్ల బ్లాకు. మేం స్ప్లిట్టర్ అంటాం. ఒక లావు ఎర్ర వైరు లోపలికి, మూడు లావు ఎర్ర వైర్లు బయటికి, పక్కనుంచి ఒక సన్న వైరు. లోపలేముందో కనపడదు, అంతా ఎపాక్సీ పోసి గడ్డకట్టించేశారు.

సన్న వైరు సంగతి తర్వాత చెప్తాను, గుర్తుపెట్టుకోండి, అసలు ప్రాణం దాంట్లోనే ఉంది.

ఠాకురాణి యాత్ర రోజులు. రెండేళ్ళకోసారి వస్తుంది, ఊరంతా వేషాలే, ఇచ్ఛాపురం నుంచీ సోంపేట నుంచీ చుట్టాలు దిగారు, పిల్లలకి పాత ప్రొజెక్టర్ మీద సినిమా చూపిస్తానని గొప్పకి పోయాను. తెల్లదుప్పటి కట్టాను, కిటికీలు తీశాను, గోపాల్‌పూర్ సముద్రం మాకు 16 కిలోమీటర్లు, సాయంత్రం అయ్యేసరికి గాలి చల్లగా చెమ్మగా వచ్చేస్తుంది. అరగంట బ్రహ్మాండంగా నడిచింది. తర్వాత ఒక పాట, ఆకాశమంతా తెల్లగా ఉన్న పాట, ఆ తెలుపు వచ్చినప్పుడల్లా బొమ్మ పూరీలా ఉబ్బుతోంది. నల్ల సీను రాగానే మళ్ళీ తగ్గిపోతోంది. పిల్లలు నవ్వుతున్నారు, నాకు మాత్రం కడుపులో తిప్పింది. ఎందుకంటే వోల్టేజీ పడితే ఎలక్ట్రాన్ స్పీడు తగ్గుతుంది, స్పీడు తగ్గితే ట్యూబు మెడ మీదుండే యోక్ అనే తీగచుట్ట దాన్ని ఇంకా ఎక్కువ వంచేస్తుంది, బొమ్మ పెద్దదవుతుంది. లెక్క చూస్తే వోల్టేజీ పదోవంతు పడితే బొమ్మ సుమారు ఇరవయ్యోవంతు పెరగాలి. అంటే తెలుపు వచ్చినప్పుడు బ్లాకు బరువు మోయలేకపోతోంది. లేచి ఆపుదామనుకుంటూనే, ఇంకో పాట అయిపోయాక ఆపుదాంలే అనుకున్నాను. చూడండి, "నడుస్తోంది కదా" అన్న మాట ఎంత లోపలికి దిగిపోయిందో.

ముందు టిక్, టిక్ అని చప్పుడు. బల్లి అనుకుంది మా అత్త. తర్వాత వాసన, వెల్డింగ్ కొట్టు ముందునుంచి పోతుంటే వస్తుందే ఆ వాసన, కొంచెం బ్లీచింగ్ కలిపినట్టు. ఓజోన్. తర్వాత కొరడా ఝళిపించినట్టు ఒక్క ఫట్, దుప్పటి మీద చీకటి.

మర్నాడు తెరిచాను. తెరిచే ముందు ఒక మాట, ఇది సరదా పని కాదు. ట్యూబు లోపల పూతకీ బయట నల్ల పూతకీ మధ్య గాజు ఉంటుంది, అంటే ట్యూబే ఒక కెపాసిటర్. ఒక్కో ట్యూబులో అర జౌలు దాకా కూర్చుంటుంది. మనిషిని చంపేంత ఉండకపోవచ్చు గానీ చెయ్యి విసురుగా వెనక్కి వెళ్ళి ట్యూబు మెడకి తగిలిందంటే ట్యూబు పోతుంది, వెనక ఉన్న ఇనుప ర్యాకుకి తగిలిందంటే మోచేయి పోతుంది. మామూలుగా అయితే స్ప్లిట్టర్ లోపలి రెసిస్టర్ ద్వారా ఆ చార్జి రెండు మూడు సెకన్లలో దిగిపోవాలి. కానీ స్ప్లిట్టరే పోయినప్పుడు ఆ దారి ఉందో లేదో ఎవడికి తెలుసు? అందుకే ప్లగ్ పీకి రాత్రంతా వదిలేశాను కదా అన్న ధీమా పనికిరాదు. పెద్ద రెసిస్టర్ కట్టిన కడ్డీని ముందు ట్యూబు బయటి పూతకి వేసిన అల్లిక తీగకి తగిలించి, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, రెండో చేత్తో, ఎర్ర వైరు ట్యూబుకి తగిలేచోట ఉండే రబ్బరు టోపీ కిందకి తోశాను. పది నిమిషాలు ఆగి మళ్ళీ ఒకసారి. మొదటిసారి దించాక కూడా కొంత చార్జి మళ్ళీ పైకి తేలుతుంది, తెలియక దెబ్బతిన్నవాళ్ళు బోలెడుమంది, వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

నల్ల బ్లాకు మీద ఎర్ర వైరు లోపలికి దిగేచోట తెల్లటి బూడిద, దాని పక్కన వెంట్రుకంత నల్ల గీత. భాయినాకి ఫోన్ చేశాను. "ఏటి, స్పార్కా? సిలికాన్ పూసెయ్, నడిచిపోద్ది" అన్నాడు. స్విచింగ్ ట్రాన్సిస్టర్ షార్టయిపోయింది, కొత్తది వేశాను, నల్ల గీత గీకేశాను, బజార్లో దొరికే సిలికాన్ ట్యూబు ఒకటి తెచ్చి పూసేశాను. పూస్తుంటే చింతకాయ పచ్చడి జాడీ తెరిచినట్టు పులుపు వాసన. ఆ వాసనే చెప్తోంది అది పనికిరాదని, ఆ రకం సిలికాన్ ఆరేటప్పుడు ఎసిటిక్ యాసిడ్ వదులుతుంది, రాగి తీగని తినేస్తుంది, ఎలక్ట్రానిక్స్‌కి వాసన లేని న్యూట్రల్ రకం వాడాలి. తెలిసే పూశాను. మొత్తానికి నడిచింది.

11 రోజులు నడిచింది.

పన్నెండో రోజు పోయినప్పుడు మాత్రం ఒంటరిగా పోలేదు. ట్రాన్సిస్టర్‌తో పాటు నీలం ట్యూబు మెడ చివర తగిలించే చిన్న బోర్డు, నెక్ బోర్డులో వీడియో ట్రాన్సిస్టర్లు రెండు, దాని వెనక ఐసీ ఒకటి తీసుకుపోయింది. నెక్ బోర్డులో ఇలాంటివాటి కోసమే స్పార్క్ గ్యాపులు పెడతారు, అవి వాటి పని అవి చేసే ఉంటాయి, అయినా 32 వేల వోల్టులు ఎర్తింగ్ తీగ వెంట పరిగెత్తేటప్పుడు దారిలో ఎవడున్నాడని చూస్తుందా.

నా వాదన ఇక్కడే మొదలవుతుంది. భాయినా మాట చాలామటుకు నిజమే. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఎండిపోతే బొమ్మ అలలు అలలుగా ఊగుతుంది, నెలల తరబడి చెప్తూనే ఉంటుంది, 20 రూపాయల ముక్క, పోయినప్పుడు మార్చుకో, కొంప మునగదు. ఫ్యాన్ అరిస్తే మార్చుకో. స్విచ్ పోతే మార్చుకో. వీటన్నిటికీ "నడవనీ" అన్నది సరైన రూలే, అనవసరంగా చెయ్యి పెడితే కనెక్టర్లు విరుగుతాయి, ఎప్పుడో పెట్టిన సోల్డర్ చిట్లుతుంది. కానీ ఆ రూలు వెనకాల ఎవరూ పైకి చెప్పని ఒక లెక్క ఉంది, పోయేది పోయినప్పుడు అదొక్కటే పోతుంది, మనకి నష్టం దాని ఖరీదే అని. స్ప్లిట్టర్ ఆ లెక్కలోకి రాదు. అది పోతూ పోతూ పక్కవాళ్ళని పట్టుకుపోతుంది. పైగా పాతబడ్డ ప్రొజెక్టర్లో ట్యూబుల తర్వాత అన్నిటికంటే దొరకనివి ఆ పక్కవాళ్ళే.

ఇంకో సంగతి. అది పాడవడం మన అదృష్టం మీద ఆధారపడింది కాదు, దాని పుట్టుకలోనే ఉంది. నేను ఆ చచ్చిన బ్లాకుని హాక్సాతో నిలువుగా కోశాను, ఒక ఆదివారం మొత్తం పట్టింది, ఇల్లంతా నల్లపొడి, మా ఆవిడ మాట్లాడ్డం మానేసింది. లోపల చూస్తే ఎర్ర వైరు పొడుగునా వైరుకీ ఎపాక్సీకీ మధ్య కాగితమంత ఖాళీ. వైరు తొడుగు సిలికాన్ రబ్బరు, సిలికాన్‌కి ఎపాక్సీ అతుక్కోదు, ఏ కంపెనీ పోసినా అతుక్కోదు. పోసిన కొత్తలో బిగుతుగా పట్టుకుని ఉంటుంది అంతే. సెట్టు వేసినప్పుడల్లా వేడెక్కి సాగుతుంది, ఆపినప్పుడల్లా ముడుచుకుంటుంది, ఏళ్ళ తరబడి ఇలా ఊపిరి పీల్చి వదిలీ ఖాళీ పడుతుంది. మా ఊరి గాలి ఆ సందులో దూరుతుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, రోజుల తరబడి కరెంటు లేదు, ఆ గదిలో గోడలకి బూజు పట్టింది, ఆ పెట్టె అక్కడే ఉంది మరి. పొడి గాలి మిల్లీమీటరుకి 3 వేల వోల్టులు ఆపుతుందని పుస్తకాల్లో ఉంటుంది, అది నున్నటి రెండు పలకల మధ్య సంగతి, సన్నటి సందుల్లో చెమ్మ చేరాక ఆ లెక్క ఎక్కడ నిలుస్తుంది. సందులో గాలి ముందు చీకట్లో మెరిసే మెరుపుగా కాలుతుంది, ఓజోన్ పుడుతుంది, గాలిలో నైట్రోజన్ కాలి చెమ్మతో కలిసి నైట్రిక్ యాసిడ్ పుడుతుంది, ఎపాక్సీ కాలి బొగ్గు అవుతుంది, బొగ్గు కరెంటుకి దారి. కోసిన ముక్కలో ఆ దారి కనిపించింది. రావిమొక్క వేరు గోడలోకి దిగినట్టు, ఒక కాండం, దానికి కొమ్మలు, కొమ్మలకి పిల్లకొమ్మలు, నల్లగా. ఒక పిల్లకొమ్మ చివర, బయటి గోడకి ఇంకా ఒక మిల్లీమీటరు దూరంలో ఆగిపోయి ఉంది. ఇంకో కొమ్మ ఆగలేదు.

దాన్ని చూశాక సిలికాన్ పూయడమంటే ఏంటో అర్థమైంది. లోపల వేరు, బయట సున్నం.

సరే మార్చాలి అనుకున్నాక ఏది వేయాలి? అందరూ చేసేదే నేనూ చేశాను, అదే మోడలు బ్లాకు పాతది ఒకటి ఢిల్లీ నుంచి తెప్పించాను, "టెస్టెడ్ ఓకే" అని స్టిక్కరు. మోటార్ వైండింగ్ చేసే మిత్రుడి దగ్గర మెగ్గర్, అంటే ఎక్కువ వోల్టేజీ పెట్టి లీకేజీ కొలిచే మీటరు, తెచ్చి 1000 వోల్టులతో చూస్తే లీకేజీ ఏమాత్రం లేదు. సంతోషంగా బిగించి, గదిలో లైట్లన్నీ ఆపి, ట్యూబుల వెలుగు తగ్గించే స్క్రీన్ పాట్లు మూడూ కిందకి తిప్పేసి వేశాను. చీకటికి కళ్ళు అలవాటుపడ్డాక కనిపించింది, వైరు దిగేచోట నీలం, ఊదా కలిసిన ఉంగరం, వేలికి తొడిగేంత. ఆపేశాను. 1000 వోల్టుల దగ్గర బుద్ధిమంతుడు 32 వేల దగ్గర ఎలా ఉంటాడో మెగ్గర్‌కి తెలీదు. అదీగాక దాని వయసెంత? నా దానికి ఎంతో దానికీ అంతే. ఒకే ఏడు పుట్టి, ఒకే ఎపాక్సీ తాగి పెరిగినవాడు వీడు. "ఒరిజినల్ పార్టు" అని ముచ్చటపడేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే, ఇక్కడ ఒరిజినల్ అంటే ఒరిజినల్ రోగం కూడా వస్తుంది.

కాబట్టి వేరే దారి. వెనకనుంచి బొమ్మ పడే పెద్ద ప్రొజెక్షన్ టీవీలు వచ్చేవి కదా, వాటిలోనూ ఇవే మూడు 7 అంగుళాల ట్యూబులు, ఇంచుమించు ఇదే వోల్టేజీ, ఇలాంటి స్ప్లిట్టరే. వాటికోసం చాలా తర్వాత తయారైన బ్లాకులు, వాడనివి, హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో ఒక కొట్లో మూలన పడున్నాయి. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా కూర్చుని వెళ్ళాను. రెండు కొన్నాను. రెండోది ఎందుకో తర్వాత చెప్తాను.

ఇక సన్న వైరు. స్ప్లిట్టర్ లోపల 32 వేల నుంచి కిందకి ఒక పెద్ద రెసిస్టర్ ఉంటుంది, పాత బ్లాకులో అది 300 మెగోములు. దాని చివర సన్న వైరై బయటికొచ్చి, బోర్డు మీద 47 కిలోఓముల చిన్న రెసిస్టర్ మీదుగా ఎర్తింగ్‌కి పోతుంది. 32 వేలని 300 మెగోములతో భాగిస్తే సుమారు 107 మైక్రో ఆంపులు, అవి 47 కిలోఓముల్లో పారితే 5 వోల్టులు. సప్లై బోర్డు చూసేది ఆ 5 వోల్టులనే. 5 కంటే తగ్గితే 32 వేలు తగ్గిపోయాయనుకుని ఇంకా పెంచుతుంది, పెరిగితే తగ్గిస్తుంది. పాపం దానికి 32 వేలు నేరుగా కనపడవు, సన్న వైరు ఏం చెప్తే అదే నమ్ముతుంది.

కొత్త బ్లాకు మెగ్గర్‌లో 400 మెగోములు చూపించింది. మామూలు మల్టీమీటర్లో అది ఓపెన్, అంటే తీగ తెగిపోయినట్టే వస్తుంది, అక్కడే సగంమంది మోసపోతారు. సరే, సాకెట్లు సరిపోయాయి, వైర్లు సరిపోయాయి, స్క్రూలు కూడా ఒకటి తప్ప సరిపోయాయి, అలాగే బిగించేసి స్విచ్ వేసి ఉంటే? 400 మెగోముల మీదుగా 47 కిలోఓముల్లో 5 వోల్టులు రావాలంటే పైన దాదాపు 42 వేల 500 ఉండాలి. సప్లై బోర్డు బుద్ధిగా అక్కడిదాకా తోస్తుంది. ప్రొటెక్షన్ పనిచేస్తే సెట్టు ఆగిపోతుంది, పనిచెయ్యకపోతే కొత్త బ్లాకు మొదటిరోజే పేలుతుంది, ట్యూబు మెడలో స్పార్క్ వస్తుంది, వోల్టేజీ పెరిగేకొద్దీ ట్యూబు నుంచి ఎక్స్‌రే కూడా పెరుగుతుంది. ఈ సెట్లలో ఎక్స్‌రే ప్రొటెక్షన్ అని వేరే సర్క్యూట్ పెట్టింది ఊరికే కాదు. సాకెట్ పట్టిందంటే పార్టు పట్టిందనుకునే అలవాటు మన బజార్లో బాగా ఉంది, ఇంతదాకా ఆ అలవాటు నాక్కూడా ఉంది.

కింద రెసిస్టర్ మార్చాలి. లెక్క ప్రకారం 62 కిలోఓములు. కానీ నేరుగా అది వెయ్యలేదు, ముందు 82 వేశాను, అప్పుడు పైన 24 వేల చిల్లర రావాలి, తక్కువే కాబట్టి ప్రమాదం లేదు. సిరీస్‌లో 200 వాట్ల బల్బు, తేడా వస్తే కరెంటుకి అడ్డంగా, పెట్టి, పచ్చ ట్యూబు టోపీ కింద హైవోల్టేజ్ ప్రోబ్ దూర్చి, కుర్చీ దూరంగా జరుపుకుని, స్విచ్ వేయమని మా అబ్బాయికి చెప్పాను. బల్బు ఒక్కసారి వెలిగి మెల్లగా మసకబారింది. మీటరు 24.3 దగ్గర నిలబడింది. ఆ క్షణం నేను చెప్పలేను, పెళ్ళిచూపుల్లో అమ్మాయి తల ఎత్తి చూసినట్టు. తర్వాత 68 వేస్తే 29.4. తర్వాత 62, మీటరు 32.2. లైట్లు ఆపాం. ఇరవై నిమిషాలు చీకట్లో ఇద్దరం మాట్లాడకుండా కూర్చున్నాం. ఏమీ మెరవలేదు. ఏమీ టిక్కనలేదు. వీధిలో కుక్క అరిస్తే ఇద్దరం ఎగిరిపడ్డాం.

ఇంకో లాభం లెక్కేశాకే తెలిసింది. పాత బ్లాకు రెసిస్టర్లో ఎప్పుడూ 3.4 వాట్ల వేడి, గాలాడని ఎపాక్సీ ముద్దలో. కొత్తదాంట్లో 2.6. చిన్న తేడానే, కానీ వేడెక్కి సాగడం, చల్లారి ముడుచుకోవడం అంత తగ్గినట్టే కదా.

వైర్ల అతుకుల సంగతి కూడా చెప్పాలి. మామూలు సోల్డరింగ్‌లో చివర ముల్లులా తేలినా పర్లేదు, ఇక్కడ ఆ ముల్లే కొంప ముంచుతుంది, దాని మొనలోంచి కరెంటు గాల్లోకి కారిపోతుంది. అతుకు గుండ్రంగా, మిరియం గింజలా ఉండాలి. నేను నాలుగుసార్లు ఊడదీసి మళ్ళీ పెట్టాను. టోపీ కింద గాజు మీద ఏళ్ళ జిడ్డు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి సిలికాన్ గ్రీజు పల్చగా రాశాను. ఒక టోపీ బిరుసెక్కి నా చేతిలోనే చిరిగిపోయింది, భాయినా వాదనకి ఆ ఒక్క మార్కు ఇచ్చేస్తాను, తెరిచినందువల్లే అది చిరిగింది. చివరికి గళ్ళ ప్యాటర్న్ పెట్టి పచ్చని నడిమధ్య పెట్టుకుని ఎరుపునీ నీలాన్నీ దాని మీదకి తెచ్చేసరికి తెల్లారింది.

ఇంత చేసే బదులు ఎల్ఈడీ ప్రొజెక్టర్ కొనుక్కోవచ్చు కదా అని మా బావ, నడుం పట్టుకుని. కొనుక్కోవచ్చు, వెలుగు కూడా ఎక్కువే. కానీ రాత్రి సీనులో నలుపు నల్లగా ఉండాలంటే, ట్యూబులో కరెంటు ఆగిపోతే ఇక వెలుగే లేదు, గోడ గోడలాగే ఉంటుంది, ఆ చవక డబ్బాల్లో నలుపు అంటే బూడిదే. నాకు ఆ నలుపు కావాలి. అందరికీ కావాలని నేను అనను.

కానీ ఉంచుకోవాలనుకున్నవాడు మాత్రం ఈ ఒక్క బ్లాకుని అది పోకముందే మార్చుకోవాలి అంటాను. "దొరకని పార్టు, ఉన్నదాన్ని జాగ్రత్తగా వాడుకో" అని భాయినా అంటాడు. దొరకదు కాబట్టే ఇప్పుడు మార్చాలి భాయినా. ఇవాళ మారిస్తే నెక్ బోర్డు మిగులుతుంది, రేపు మారిస్తే నెక్ బోర్డు కూడా వెతకాలి. పోయే రోజు మనం ఎంచుకుంటే ప్లగ్ పీకి, ప్రోబ్ పెట్టి, తీరిగ్గా చేసుకుంటాం, అది ఎంచుకుంటే ఇంటినిండా చుట్టాలుంటారు. ఈ మాటలన్నీ ఆయనకి చెప్పాను. మొత్తం విని, "నీది పోయింది కాబట్టి నువ్వలా అంటున్నావు, నాది నడుస్తోంది" అన్నాడు. ఆయనది కూడా అదే హోటలు నుంచి వచ్చిందే, అదే మోడలే, బహుశా అదే లాటులో పోసిన ఎపాక్సీయే.

రెండో బ్లాకు ఆయన కోసమే కొన్నాను. 82, 68, 62 మూడు రెసిస్టర్లూ ఒక చిన్న పాలిథీన్ కవర్లో పెట్టి, దేని తర్వాత ఏదో పెన్నుతో రాసి, బ్లాకుతో పాటు కొట్టుకి తీసుకెళ్ళి ఇచ్చాను. ముట్టుకోనన్నాడు గానీ తీసుకున్నాడు, అగరబత్తి పెట్టె పక్కన సొరుగులో పెట్టాడు. తర్వాత నాకు చూపించడానికే అన్నట్టు వెనకగదిలోకి తీసుకెళ్ళి తన ప్రొజెక్టర్ వేశాడు. బొమ్మ నిజంగానే బాగుంది, నాదానికంటే బాగుంది. "చూశావా" అన్నాడు.

"ట్యూబులైటు ఒక్క నిమిషం ఆపుదామా భాయినా, చీకట్లో చూద్దాం" అన్నాను.

నా వైపు చూశాడు, స్విచ్ బోర్డు వైపు చూశాడు. టీ తాగుదాం పద అన్నాడు.